నలభయ్యో పేజీ రాజుగారు

గోర్ ఊరి స్టాంపుల క్లబ్బుకి ఒక నియమం ఉంది. ఏటా జూన్ రెండో శనివారం, సాయంత్రం ఐదు కొట్టేలోపు, సభ్యుల జాబితాలో ఎనిమిది సంతకాలు పడాలి. ఏడే పడితే క్లబ్బు మూతే. డెబ్భై ఏళ్ల సేకరణంతా నగరంలోని మ్యూజియం నేలమాళిగకి పోతుంది.

ఆ శనివారం రెండున్నరకి ఏడు సంతకాలున్నాయి. ఎనిమిదోది తామతి అనే పెద్దాయన పెట్టాలి. మార్చిలో ఆపరేషన్ చేసి కాలు తీసేసిన దగ్గర్నుంచి అతను వైకాకా పల్లెలో తన ఇల్లు దాటి రాలేదు.

జూన్ అంటే అక్కడ నడి చలికాలం. చర్చి వెనక హాల్లో హీటరు చుట్టూ కుర్చీలు వేసుకుని ఏడుగురూ టీ తాగుతున్నారు. ఆరుగురు కూర్చున్నారు. ఏడోవాడు లాక్లన్. ఇరవై నాలుగేళ్లు, క్లబ్బులో అందరికన్నా చిన్నవాడు. అతను కూర్చోడు. చేతిలో చీజ్ రోల్ పట్టుకుని గాల్లో ఊపుతూ మాట్లాడతాడు.

"ఒక్క సంతకం కోసం మొహాలు వేలాడేసుకుంటారేంటండీ! ఎనిమిది కాదు, ఎనభై లక్షలు తెస్తాను. నవ్వకండి బెర్ట్ గారూ, నేను మొదలెట్టినప్పుడు ఏముంది ఈ క్లబ్బుకి? ఒక అల్మరా, దానికి తాళం, ఆ తాళంచెవి ఎక్కడుందో తెలియని కోశాధికారి..."

"నేనే ఆ కోశాధికారిని," అన్నాడు బెర్ట్.

"మిమ్మల్ని అనట్లేదు, వ్యవస్థని అంటున్నాను. జ్ఞానానికి తాళం వేయడం నేరం! ప్రజలది ప్రజలకే చెందాలి! అందుకే ఏం చేశాను? మన క్లబ్బు పత్రిక పాత సంచికలు ఒక పన్నెండు, ఇంటికి పట్టుకెళ్లి స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెట్టాను. అంతే. చిన్న పని. గొప్ప కోసం చెప్పట్లేదు."

"పన్నెండు చేశావు. నేను చూశాను," అంది కార్యదర్శి నోలీన్. ఎనభై ఒక్కేళ్ల మనిషి, ఒళ్లో చేతిసంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. "అది సరే లాక్లన్, మార్పిడి పెట్టె ఎక్కడుంది?"

మార్పిడి పెట్టె అంటే రేకు పెట్టె. ఒక్కొక్కరూ తమ దగ్గర ఎక్కువున్న స్టాంపుల్ని చిన్న పుస్తకంలో అతికించి అందులో పెడతారు. పెట్టె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వరసగా తిరుగుతుంది. నచ్చిన స్టాంపు తీసుకున్నవాళ్లు ఆ ఖాళీ గడిలో సంతకం పెట్టాలి. ఏడు రోజులకి మించి ఎవరూ ఉంచుకోకూడదు. తర్వాతి మనిషికి స్వయంగా అందించాలి.

"పెట్టెలేంటి నోలీన్ గారూ! పెట్టెల కాలం పోయింది. పెట్టెలోంచే బయటపడదాం అంటున్నాను నేను. వినండి. పన్నెండుతో ఆగానా? ఆ రాత్రే అరవై ఏళ్ల పత్రికలూ లాగించేశాను. స్కానర్ ఎంత వేడెక్కిందంటే మా అమ్మ దాని మీద గుడ్లు వేయించింది. మూడో రోజుకి కరెంటు ఆఫీసు వాళ్లొచ్చారు, ఊళ్లో దీపాలన్నీ నా గది వైపు వాలిపోతున్నాయట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బిల్లు వచ్చింది," అన్నాడు బెర్ట్.

"జనం వచ్చారు! మొదటిరోజు వంద, రెండోరోజు పదివేలు, వారం తిరిగేసరికి నలభై లక్షల మంది. అందరూ ఒకేసారి మన గుమ్మంలోకి తోసుకొస్తే సముద్రం అడుగున ఇంటర్నెట్ తీగ ఏమవుతుంది? ఉబ్బింది. కొండచిలువలా ఉబ్బింది. ఆ వేడికి మటౌరా నదిలో చేపలు ఉడికిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. జనం నిమ్మకాయలు పట్టుకుని నదికి పరిగెత్తారు. మీరూ తిన్నారు, గుర్తులేదా?"

"నాకు చేప పడదు."

"అందుకే గుర్తులేదు! సరే, తీగ అమ్మేవాళ్లు ఫోన్ చేసి, బాబ్బాబు, కాసేపు మూసెయ్ అని బతిమాలారు. నేనేమన్నాను? ఒకసారి తెరిచిన తలుపు మూసే ప్రసక్తే లేదన్నాను. చరిత్ర వెనక్కి నడవదన్నాను. కావాలంటే రెండో సముద్రం తవ్వుకోండన్నాను."

హాల్లో నవ్వులు లేచాయి. నోలీన్ నవ్వలేదు. "పెట్టె మాట అడిగాను," అంది.

"వస్తోంది నోలీన్ గారూ, వస్తోంది."

"ఫోన్లో కూడా రెండుసార్లు ఇదే చెప్పావు."

"ఎందుకంటే పెట్టెలో ఉన్నవన్నీ కూడా స్కాన్ చేసి పైకెక్కించాను కాబట్టి! మార్పిడి పుస్తకాలు, ప్రతి పేజీ, ప్రతి గడీ. ఇప్పుడది మన ఏడెనిమిది కొంపల మధ్య తిరిగే రేకు డబ్బా కాదు. విశ్వమానవుడి ఆస్తి. అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. కుర్చీలు గట్టిగా పట్టుకోండి. ఈ నలభై లక్షల మందిలో ఒకడున్నాడు. రోజూ పొద్దున సరిగ్గా ఆరూ పదికి వస్తాడు. ఒక్క రోజు తప్పడు. ఇంకేమీ చూడడు. బెర్ట్ గారి నీలం పుస్తకం, నలభయ్యో పేజీ. అదొక్కటే తెరుస్తాడు, పావుగంట చూస్తాడు, వెళ్లిపోతాడు."

"నలభయ్యో పేజీనా?" బెర్ట్ కప్పు దించాడు. "అందులో ఓడలకి దారి చూపే దీపస్తంభం బొమ్మ స్టాంపు ఒకటుంది, అంతే."

"అంతేనా! అందుకే మీరు గోర్‌లో ఉన్నారు, అతను సింహాసనం మీద ఉన్నాడు. ఎవరనుకున్నారు? రాజు! ఉత్తర సముద్రంలో ఒక దీవి, పేరు చెప్పకూడదని మాట తీసుకున్నాడు. పక్క దిగగానే కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, భూతద్దం పట్టుకుని కూర్చుంటాడు. యుద్ధం ప్రకటించమని సేనాపతి వస్తే, ఆగవయ్యా, గోర్ క్లబ్బు వాళ్ల పేజీ ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు అన్నాడట. అది తెరుచుకునేలోపు రెండు సైన్యాలకీ ఆకలేసి ఇళ్లకి వెళ్లిపోయాయి. చూశారా, మన వెబ్‌సైట్ ఒక యుద్ధాన్ని ఆపింది! అలాంటి క్లబ్బుకి ఎనిమిదో సంతకం దొరకదా? రాజుగారే ఓడ వేసుకుని వస్తానన్నారు. సాయంత్రం ఐదుకల్లా..."

"లాక్లన్," అంది నోలీన్. సంచీ తెరిచి ఒక కవరు తీసింది. "నీ రాజుగారు రాసిన ఉత్తరం పొద్దున నాకు అందింది. చదవనా?"

లాక్లన్ చీజ్ రోల్ గాల్లోనే ఆగింది.

నోలీన్ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"నోలీన్, నర్సు ఆరున్నరకి వస్తుంది. అంతకుముందు కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని బెర్ట్ నీలం పుస్తకం చూస్తుంటాను. నలభయ్యో పేజీలో ఉన్న దీపస్తంభం నా స్టాంపుల్లో ముప్ఫై ఏళ్లుగా లేనిది. పెట్టె వస్తే తీసుకుందామని కూర్చున్నాను. పెట్టె తిరిగే వరసలో లాక్లన్ తర్వాత నేనే. పదకొండు వారాలైంది. పుస్తకాన్ని ప్రపంచమంతా చూడొచ్చని అక్కడ పెద్ద అక్షరాలతో రాశారు, సంతోషం. పెట్టె మాత్రం నా గుమ్మం దాకా రాలేదు. కాలు లేనివాడిని వరసలోంచి తీసేశారని అర్థం చేసుకున్నాను. తప్పు పట్టడం లేదు. ఈ ఏడాది నా సంతకం కోసం చూడకండి. తామతి."

నోలీన్ ఉత్తరం మడిచి కవర్లో పెట్టింది.

"తామతి ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేదిగా," అన్నారెవరో.

"తామతా? అడుగుతాడా?" అన్నాడు బెర్ట్. లాక్లన్ వైపు తిరిగాడు. "నిజం చెప్పు మొనగాడా. నలభై లక్షలు కాదు. మొత్తం ఎంతమంది?"

లాక్లన్ గొంతు తగ్గింది. "ముగ్గురు."

"అందులో?"

"నేనొకణ్ని."

"నేనొకదాన్ని," అంది నోలీన్. "పన్నెండు సంచికలూ చదివాను. బాగున్నాయి."

"అయితే మిగిలిన ప్రపంచమంతా కలిపి వైకాకాలో ఉందన్నమాట," అన్నాడు బెర్ట్. "దారిలో ఏ సముద్రమూ అడ్డం లేదు. ఇరవై ఐదు కిలోమీటర్లు."

లాక్లన్ రోల్‌ని పళ్లెంలో పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పెట్టె కారులో ఉంది," అన్నాడు. "స్కానర్ కింద. నాలుగు పుస్తకాలు ఇంకా చేయాలి. అవయ్యాక ఇద్దామనుకున్నాను. తర్వాత... తర్వాత మర్చిపోయాను. ఆయన్ని తీసేయలేదు నోలీన్ గారూ. మర్చిపోయాను."

"నాకెందుకు చెబుతావు?"

"ఔను. ఆయనకే చెప్పాలి." జేబులోంచి కారు తాళాలు తీశాడు. "మూడు కూడా కాలేదు. నేను వెళ్తాను. సంతకం పెట్టకపోయినా సరే, పెట్టె మాత్రం ఇవాళ ఆ ఇంటికి చేరాలి."

"జాబితా నా చేతిలోంచి బయటికి పోకూడదు. నియమం," అంది నోలీన్, లేచి కోటు వేసుకుంటూ. "అందుకని నేనూ వస్తున్నాను."

"ఆ నీలం పుస్తకం నాది," అన్నాడు బెర్ట్, మిగిలిన చీజ్ రోల్స్‌ని కాగితంలో చుడుతూ. "వట్టి చేతులతో వెళ్తామా ఏంటి?"

మిగిలిన నలుగురూ కప్పులు కడిగి రెండో కారెక్కారు.

వైకాకాలో చక్రాల కుర్చీలో వచ్చి తామతే తలుపు తీశాడు. ఏడుగురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. కుర్చీ పక్కకి జరిపి దారిచ్చాడు.

లాక్లన్ పెట్టెని అతని ఒళ్లో పెట్టాడు. పెట్టె మూతకి అంటించిన వరస కాగితంలో, తన పేరు ఎదురుగా, అందిన తేదీ రాశాడు, ఇచ్చిన తేదీ రాశాడు. మధ్యలో పదకొండు వారాలు. "తప్పు నాది. ఇంకా నాలుగు పుస్తకాలు స్కాన్ చేయాలని మిషనుతోపాటు కారులోనే ఉంచి మర్చిపోయాను," అన్నాడు. "మీది వరసలో ఆరో పేరు. ఎవరూ కొట్టేయలేదు. చూడండి."

తామతి ఆ కాగితం మీద తన పేరుని చాలాసేపు చూశాడు. తర్వాత నీలం పుస్తకం తీసి, వెతకకుండానే నలభయ్యో పేజీ తెరిచాడు. పట్టకారుతో దీపస్తంభాన్ని లేపి పక్కన పెట్టుకున్నాడు. ఖాళీ గడిలో నెమ్మదిగా సంతకం పెట్టాడు.

"నువ్వు పెట్టిన పేజీ ఇప్పుడు తప్పయింది కుర్రాడా," అన్నాడు. "దాన్లో స్టాంపు ఇంకా అక్కడే ఉన్నట్టుంది. ఆ మిషను లోపలికి పట్టుకురా. ముందు ఈ ఖాళీ గడి ఎక్కించు. మిగతా నాలుగు పుస్తకాలూ ఈ బల్ల మీదే కానివ్వు, పేజీలు నేను తిప్పుతాను. నోలీన్, నీ జాబితా ఇటివ్వు."

నాలుగూ ఇరవైకి ఎనిమిదో సంతకం పడింది. బెర్ట్ చీజ్ రోల్స్ వేడి చేయడానికి వంటింట్లోకి వెళ్లాడు.

లాక్లన్ స్కానర్ తెచ్చి బల్ల మీద పెట్టి తీగ తగిలించాడు. ఖాళీ గడి ఉన్న పేజీని అద్దం మీద బోర్లించాడు. దాన్ని ఎంతమంది చూస్తారని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.