నీళ్లు తాగనన్న పిల్ల

తప్పంత మీదే అని నేనెట్లంట, షరీఫున్నీసా టీచరమ్మా? జర కూసోండ్రి. బడికెంచి నడుసుకుంట వచ్చిన్రు. నా బిడ్డ శివలీల లోపల పండుకున్నది. పొద్దుగాల్నే దవాఖానకెంచి తీస్కొచ్చినం.

ఆ దినం బడిల రెండుసార్లు ఒంటేలుకు బయటికి పోయొచ్చిందట. మూడోసారి మీరు ఒద్దన్నరట. బెంచీ తడిసింది, పిల్లలు నవ్విన్రు. మీకేమెర్క? నేను చెప్తే గద మీకు తెలిసేది. తొమ్మిదేండ్ల బిడ్డకు గిట్లుందని ఏ తల్లి చెప్పుకుంటది?

ఎమర్జెన్సీ ఏడాది పుట్టింది. అందరికీ కడుపుల ఉండే ఒంటేలు సంచి దీనికి బయటికే ఉండె. ఎర్రగ, పచ్చిపుండు లెక్క. బొట్లు బొట్లు కారుకుంటనే ఉండె. మా అత్త సూసి మొగం తిప్పుకుంది. మా ఆయన ఈరయ్య మాత్రం బిడ్డను బట్టల సుట్టుకొని, దొరికిన లారీ ఎక్కి, హైద్రాబాద్ దవాఖానకు తీస్కపోయిండు. సంచిని లోపల పెట్టి కుట్టిన్రు. ఏడేండ్లప్పుడు ఇంకో ఆపరేషన్ చేసి, ఒంటేలు ఆగేటట్టు జేసిన్రు.

ఆగింది టీచరమ్మా. గంట సేపు. అంతకు మించి ఆగదు, సంచి చిన్నది. ఆ మొదటి దినం పొడి లంగతోని నా ముంగట నిలబడి "అవ్వా, సూడు" అన్నది. ఆ లంగ మొగానికి పెట్టుకొని ఏడ్సిన.

డాక్టరు అప్పుడే చెప్పిండు. గంటకోసారి పోవాలె, నీళ్లు మస్తు తాగాలె. తాగకుంటే సంచిల చీము పడ్తది, కిడ్నీలకు ఎక్కుతది అన్నడు.

గదే అయ్యింది. బెంచీ తడిసిన కాడికెంచి గుక్కెడు కంటే ఎక్కువ నీళ్లు ముట్టలే. నాలుగోనాడు జొరం. ఒక కిడ్నీ ఖరాబైందన్నరు.

మీరెందుకు కండ్లు తుడుసుకుంటున్నరు? ఇనుండ్రి. నీళ్లు తాగొద్దని దానికి నేర్పింది మీరు గాదు.

పోయినేడు కోహీర్ ఊళ్లె మా చెల్లె పెండ్లాయె. చుట్టాలందరు వస్తరు, వాసనొస్తే ఏమంటరో అని నాకు భయం. "బిడ్డా, ఇయ్యాల నీళ్లు తాగకు" అన్న. దినమంత తాగలే. పెదవులు పగిలినయి. సాయంత్రం నా దగ్గరికొచ్చి చెవుల "తడవలే అవ్వా" అని మురిసింది. శబాష్ అన్న, టీచరమ్మా. నేనే అన్న.

ఈ ముచ్చట ఈరయ్యకు ఇంకా చెప్పలే.

ఇప్పుడు గిలాస పట్టుకొని బతిమాలుతున్న, మూతి బిగపట్టుకుంటది. మీరే పోయి తాగమనుండ్రి. మీరంటే దానికి జర భయం. నా మాట ఇన్నందుకే గద గిట్లయింది.