నన్నూ తిట్టండి మాస్టారూ

కుండలు చేయడం నేర్పే క్లాసు అయిపోయింది. కుమ్మరి సారె దగ్గర నేర్పే కుర్రాడూ, చేతులనిండా మట్టితో డెబ్భై దాటిన ఒకావిడా మిగిలారు.

"బ్రహ్మాండం మామ్మగారూ! ఈ వయసులో ఇంత చేయడమే గొప్ప."

"మాస్టారూ, ఇందాక పక్క పిల్ల గిన్నె చూసి ఏమన్నారు?"

"అంచు వంకరపోయిందని చీవాట్లు పెట్టాను."

"మరి నా గిన్నె అంచు?"

"అదీ... కొంచెం వంకరే."

"కొంచెమా?"

"బాగానే వంకర."

"మరి నా చీవాట్లేవీ? ఆ పిల్ల నేర్చుకోడానికొస్తే, నేను పొద్దుపోక వచ్చాననుకున్నారా?"

"అయ్యో, పెద్దవారు, నొచ్చుకుంటారేమోనని..."

"నొచ్చుకోనివ్వండి! మెచ్చుకోడానికి ఇంటినిండా జనం ఉన్నారు. తప్పు చెప్పేవాళ్లు లేకే ఇక్కడికొచ్చాను."

"సరే, వినండి. అడుగు ఇటుకంత మందం, ఆరేటప్పుడు పగిలిపోతుంది. నీళ్లు మరీ ఎక్కువ పోశారు. మీకు చెయ్యి ఒకచోట నిలవదు."

"వయసంటారా?"

"వయసు కాదు, కంగారు. ముద్ద చేసేసి మళ్లీ మొదలుపెట్టండి."

"అమ్మయ్య!" అంటూ ఆవిడ గిన్నెని అరచేత్తో అణిచేసింది.

"కోపం వచ్చిందా మామ్మగారూ?"

"ఒళ్లు మండిపోతోంది. రేపు మీకంటే ముందొచ్చి కూర్చుంటాను."