జేబులోని చెయ్యి

మర్నాడు కోరాపుట్‌లో కుక్కల విధేయత పోటీ. రెండు నెలల శిక్షణకు అప్పగించిన తన కుక్క మిరియాన్ని తీసుకువెళ్లడానికి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని రాయగడలోని శిక్షకుడి దగ్గరకు వచ్చింది. కుక్క మెడ నిమురుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ రెండుచోట్ల బొచ్చు ఊడిందేం?"

"పిడుదులు పట్టేయి టీచరమ్మా. టికిరి ఊరు ఎల్లినప్పుడు పొదల్లో తిరిగింది."

"పిడుదులు స్కేలు పెట్టుకుని కుట్టాయా? రెండు మచ్చలూ ఒకే కొలత. నడుమ సరిగ్గా అంగుళం."

"ఏటమ్మా మీ అనుమానం! నా పద్ధతంతా బిస్కట్లే. సూడండి. మిరియం, కూకో!"

కుక్క ఠక్కున కూర్చుంది.

"సూసేరా? రేపు కప్పు మనదే."

"పోటీలో అది మనిషి ముఖం చూడాలని నువ్వే చెప్పావు. ఇది నీ చెయ్యి ఉన్న జేబు చూస్తోంది."

"బిస్కట్లు అందులోనే ఉన్నాయి మరి."

"బిస్కట్టు కోసం వణుకుతుందా? ఒకటి పెట్టు."

అతను నవ్వాడే తప్ప చెయ్యి బయటకు తీయలేదు.

"పోనీ, నేను తీయనా?"

"వొద్దమ్మా, బటన్ నొక్కేస్తారు!"

ఆమె కుక్క మెడమీది రెండు మచ్చలనూ మళ్లీ తడిమింది.

"బిస్కట్టుకు బటన్ ఉండదు బాబూ. మెడకు షాకిచ్చే కరెంటు పట్టీ రిమోట్‌కి ఉంటుంది."

ఆమె పోటీ ప్రవేశపత్రాన్ని నిలువునా చింపి అతని చేతిలో పెట్టి, కుక్కను ఎత్తుకుంది.