బానెట్ కింది తెలుపు

బాగేపల్లిలో, గూళూరు దారిన, నందీశ్ నడిపే వాటర్ సర్వీసు, బండ్లు కడిగే అంగడి. భార్య రామలక్ష్మి పోయిన ఎనిమిది నెలలకు, రిటైరైన కాలేజీ లెక్చరర్ మునినారాయణ ఆ ఉదయమే కారును ఇంటి ముందు నుంచి కదిలించి ఇక్కడికి తెచ్చాడు.

"బానెట్ లోపల నీళ్ళు కొట్టొద్దప్పా."

"కొట్టను సార్. బ్యాటరీకి కవర్ కట్టినా చూడండి. వేడి గాలి పెట్టేది, వ్యాక్స్ మెత్తబడినాక టూత్ బ్రష్షుతో రుద్దేది, గుడ్డతో తుడిచేది. అంతే."

"ఎంత సేపు పడతాది?"

"ఆరేండ్ల వ్యాక్స్ పాలిష్ సార్ ఇది. నల్ల ప్లాస్టిక్ గరుకులోకి దిగి, ఎండి, సున్నం కొట్టినట్ల అయిపోయుండాది. నిదానంగా పోవల్ల."

"పన్నెండుకు చింతామణి నుంచి నాగరాజ్ అని ఒగాయప్ప వస్తాడు. ఆ లోపల అయిపోవల్ల."

"కారు కొనే ఆయప్పనా?"

"ఊఁ. ఫోన్‌లో ఫోటో పంపిస్తే, ఈ తెలుపు చూసి, వరద నీళ్ళల్లో మునిగిన బండా అని అడిగె. నల్లగా ఉంటే తీసుకుంటా, లేకుంటే వచ్చిన దావనే పోతా అనె."

"మన బాగేపల్లిలో వరదనా సార్? తాగేదానికే ట్యాంకర్ రావల్ల."

"నేనూ అదే అంటి. నవ్వలే ఆయప్ప."

"అమ్మల్లనా సార్?"

"అమ్మల్ల."

"ఇంజిన్ ఇంకా బాగుండాది. మీరు నడపకపోయినా ఇంటి ముందర ఉంటే…"

"ఎడమ పక్క సీటు వెనక్కి వాల్చిండాది, చూసినావా?"

"చూసినా సార్. సరిచేద్దామని చెయ్యి పెడితి."

"సరిచేసినావా?"

"లేదు సార్. మిమ్మల్ని అడిగి చేద్దామని."

"ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయిన దినం వాల్చింది. ఉండనీ. నాగరాజ్ చేసుకుంటాడు."

"సార్, ఒగ మాట చెప్పల్ల."

"ముందు రుద్దు."

"రుద్దుతానే చెప్తా."

"ఆ మూల ఇంకా తెల్లగుండాది."

"అది మొండిది సార్. ఫోన్ వీడియోలో ఒగడు చెప్తాండాడు, శెనక్కాయల ముద్ద పూస్తే వ్యాక్స్ వదులుతాదంట."

"ఇంజిన్‌కు చట్నీనా?"

"నిజం సార్. నూనె ఉంటాది గదా దాంట్లో, అది పట్టుకోని లాగుతాదంట."

"ఇడ్లీ ఒగటి తక్కువ. ఆమె ఉండింటే, అడిగేదే ఆలస్యం, రుబ్బి ఇచ్చేది నీకు."

"ఇచ్చేది సార్. అమ్మ ఇచ్చేది."

"ఏమి, చెయ్యి నిలిపేసినావు?"

"గాలి మిషను వేడెక్కింది సార్. కాఫీ తెప్పించేదా?"

"వద్దు. ఇప్పుడే తాగొస్తి. తాగితినా? తాగినట్లే ఉండాది."

"తాగలేదనుకోని తాగండి సార్."

"వద్దులే. రుద్దు. టైమెంత?"

"పదకొండు కాలే ఇంకా. సార్, ఇన్నేండ్లు ఎందుకు తీయించలే? సర్వీసుకు వచ్చినప్పుడల్లా అడిగితిని. ఉండనీ, ఉండనీ అంటా వస్తిరి."

"తీయిస్తే ఆ మాట మళ్ళీ వస్తాది."

"ఏ మాట?"

"నీకు తెలీదా? ఈడే ఉంటివి గదా నువ్వూ. ఆయుధ పూజ అయిన మరుసటి వారం."

"ఉంటి."

"బానెట్ ఎత్తి, నల్లటిదంతా తెల్లగ చేసిందెవురు అని అడిగితి. 'నేనే, ఇంట్లో పాలిష్ మిగిలుండె, పూజకు మెరవల్లని పూస్తి' అనె పక్కనున్న ఆమె. అరిస్తి. నడి అంగట్లో. యాభై ఏండ్లు వచ్చినాయి, బుద్ధి మాత్రం రాలే అంటి."

"ఇంకా ఇద్దురు గిరాకీలు ఉండిరి సార్ అప్పుడు."

"ఉండిరా?"

"ఉండిరి. ఒగాయప్ప నవ్వె గూడా. అమ్మ తల వంచుకోని కొంగు సరిచేసుకుంటాండె."

"అదీ చూసినావా?"

"చూసినా. సార్, అదే మీకు చెప్పల్ల. ఈ తెలుపు పోకముందే చెప్పల్ల. అంతా తుడిచి, బండి చింతామణికి పోయినాక, ఇంక నేను ఎవురితో చెప్పుకోవల్ల?"

"ఇంకెంతుండాది తుడిచేది?"

"ఫ్యూజు పెట్టె మూత ఒగటే. సార్, అది అమ్మ పూయలే."

"ఊఁ."

"నేను పూసినా. అప్పటికి అంగడి తెరిచి పదైదు దినాలు. పూజ ముందు దినం ఇరవై బండ్లు వచ్చె. బాడీకి పూసేది లోపలగూడా పూసేస్తి, అంతా మెరుస్తాదని. నల్ల ప్లాస్టిక్‌కు అది పనికిరాదని నాకేం తెలుసు? మీరు ఎవురు అని అడిగితే నా నోరు పడిపోయె. అంతలోకే అమ్మ అనేసె."

"ఊఁ."

"మీరు బండి తిప్పేదానికి పోయినప్పుడు నా దగ్గరికొచ్చి చెప్పె. 'నన్నరిస్తే మధ్యాన్నం అన్నానికి కూర్చునేలోగా మర్చిపోతాడు. నిన్నరిస్తే ఈ ఇద్దురూ పోయి ఊరంతా చెప్తారు. రేపు నీ అంగడికి ఎవురొస్తారు?' అని."

"అట్లనిందా?"

"మీకు చెప్పొద్దని ఒట్టేపిచ్చుకునె. ఆరేండ్లు నోట్లో పెట్టుకోని ఉండా. పెద్ద కర్మకు మీ ఇంటికొచ్చినప్పుడన్నా చెబుదామనుకుంటి, అందరూ ఉండిరి. సార్, ఇప్పుడన్నా నన్ను అరవండి."

"ఆ మూత తుడువు."

"సార్…"

"బానెట్ తెరిచే పిడి యాడుంటాదో ఆమెకు తెలీదప్పా. ఒగసారి తెరువు అంటే డిక్కీ తెరిచింది."

"అంటే మీకు…"

"ఆ పొద్దే తెలుసు."

"తెలిసీ అంత అరిచినారా సార్?"

"అరవకుంటే, నేను నమ్మలేదని ఆమెకు తెలిసిపోతాది. నీ మొగం చూస్తే ఏడ్చేటట్లుండె. అరిస్తి. కొంచెం ఎక్కువే అరిస్తి."

"మీకు తెలుసునని అమ్మకు తెలుసా సార్? ఎప్పుడన్నా చెప్పినారా?"

"చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో, ఆఖరి దినం, నా చెయ్యి పట్టుకోని, 'మీకు ఒగ అబద్ధం చెప్పినా, కారుది' అని మొదలుపెట్టె. 'ఆయాసం వస్తాది, మాట్లాడొద్దు, రేపు చెబుదువులే' అంటి."