నేర్చుకొచ్చిన తిట్టు

ఛత్రినాకలో మిట్టమధ్యాహ్నం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఓ టైల్స్ మేస్త్రీ తన ఇంటి ముందరి నల్లా కింద చేతులు పెట్టి నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కరిగి పోతోంది. గుమ్మంలో భార్య.

“ఆ బిహారీ పోరడు బతికున్నడా?”

“ఉన్నడు. పండ్లు రాలినయ్, కన్ను తెరుస్తలేడు. దవాఖానకు తీస్కపోయిండ్రు.”

“ఏం చేసిండని గంతగనం కొట్టినవ్?”

“సగం కూలికే నా పని పట్టిండు. టీవీల చూస్తలేవా? ముందుగాల ఇక్కడోళ్లకే పని ఇయ్యాలని అందరు మొత్తుకుంటుండ్రు. సర్కారేమో ఇన్ని బియ్యం పడేసి ఊకుంటది. బయటోడొచ్చి మన నోటికాడిది గుంజుకుంటడు.”

“లొల్లి ఇని నేను బిల్డింగ్ కాడికి ఉరికొచ్చిన. ఆపేటోడు ఒక్కడు లేడు. నువ్వు తాపీతోని కొడుతనే ఉన్నవ్, ఏందో ఒర్రుతనే ఉన్నవ్. గది తెలుగు గాదు, ఉర్దూ గాదు.”

అతను నల్లా కట్టేశాడు.

“అరబ్బీ.”

“అంటే ఏంది?”

“మా దేశంకెల్లి పో, కుక్కా అని.”

“నీకెవరు నేర్పిండ్రు?”

గల్ఫ్‌లో పరంజా మీంచి పడితే అయిందని ఆమెకు చెప్పిన దవడ మీది మచ్చను అతను తడి వేళ్లతో తడుముకున్నాడు.

“అక్కడోళ్లు. నన్ను తన్నుకుంట.”