నీళ్లు తాగని అతిథి

నేను ఎందుకు వచ్చాను? జనరల్ ముఖం అచ్చేసిన గుడ్డ చంకలో పెట్టుకుని, ఆయన అంత్యక్రియలకు ముందురోజు మధ్యాహ్నం, మావుసి కుట్టుదుకాణం గడప మీద నిలబడి నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. జవాబు దొరక్కముందే ఆమె నీళ్లగ్లాసు అందించింది.

"తాగు, అగ్బెకో అన్నా. నువ్వు తాగాకే కదా, ఎందుకొచ్చావని నేను అడగాలి."

"అక్కడ పెట్టు. దాహంగా లేదు. రేపటికి చొక్కా కావాలి."

"అందరికీ రేపటికే! ఒకామె అయితే, వెనక్కి ఆయన ముఖం రానివ్వకు, దేశాధ్యక్షుడి మీద ఎలా కూర్చోను అంది. ముప్పై ఏళ్లకు పైగా మనమీద ఆయన కూర్చోలేదా అన్నాను."

"మెల్లగా మాట్లాడు."

"చచ్చాడుగా! ఇంకా భయమేనా నీకు?"

"ముఖం గుండెమీదికి రావాలి. రేపు బడి ఆవరణలో ప్రసంగం నాది."

"ఏం చెబుతావేం?"

"తుపాకీతో వచ్చినా, తర్వాత ఓట్లు పెట్టి గెలిచాడని. రోడ్డు వేశాడని. మన ఊరికి బడి కట్టించాడని."

"నా మొగుడు సెన్యోని లారీ ఎక్కించాడని?"

"మావుసీ..."

"శవం లేదని మా పెద్దలు నాకు వైధవ్యపు స్నానం చేయించలేదు. మళ్లీ పెళ్లికి ఇద్దరు అడిగారు. ఎవరి పెళ్లాన్నని చెప్పను? ఎవరి విధవనని చెప్పను? లారీ ఎక్కించిన పటాలంలోనే నువ్వూ ఉన్నావు. అడిగితే తెలియదన్నావు."

"అన్నాను."

"ఇంకా గ్లాసు ముట్టలేదు నువ్వు. తాగు."

"నీ చేతి నీళ్లు తాగి అబద్ధమాడలేను. ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్కసారైనా నీ ఇంట తాగానా?"

"లేదు. సిపాయి పొగరనుకున్నాను."

"బడికి పునాది అన్నారు. తవ్వమన్నారు. తవ్వాక లారీ వచ్చింది."

"ఎక్కడ?"

"జెండాకర్ర పక్కన."

"నా మనవరాలు రోజూ పొద్దున్నే అక్కడే నిలబడి పాడుతుంది."

"తెలుసు. జనరల్ ఆజ్ఞ..."

"ఆయన పేరెత్తకు. మట్టి కప్పింది ఎవరు?"

"పటాలం వాళ్లం."

"ఎవరు, అన్నా?"

"నేను."

"ఆ గుడ్డ తీసుకుపో. నేను కుట్టను."

"కుట్టొద్దు. తెల్లగుడ్డ ఉందా నీ దగ్గర? వెడల్పుది?"

"ఉంది. ఎందుకు?"

"తీసుకో. దుకాణం మూసెయ్. ఆ గ్లాసు ఇటివ్వు."

"మొత్తం తాగేశావే!"

"తాగాను. ఇప్పుడు అడుగు."

"ఎందుకొచ్చావు, అగ్బెకో అన్నా?"

"నీ మొగుణ్ణి నీకు అప్పగించడానికి. నీ పెరట్లో పార తెచ్చి నా భుజాన పెట్టు. పద."