దర్జీ దిమ్మ

దర్జీ ఇల్లు రోడ్డు వారనే. ముందు గదిలో కుట్టుమిషను నడుస్తోంది. రోడ్డు పనిలో మేస్త్రీగా ఉన్న బామ్మర్ది గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చాలాసేపయింది.

"మిషను ఆపు బావా. కాసేపు ఆపితే కొంపలేం అంటుకోవు."

"నువ్వు చెప్పు, వింటున్నా."

"ఏం వింటున్నావు? ఇప్పటిదాకా నేనేం చెప్పానో చెప్పు చూద్దాం."

"సర్కారు డబ్బిచ్చింది. రోడ్డు వేస్తారు. బస్సు వస్తుంది. ఇంటి ముందు రోడ్డుకడ్డంగా నేను కట్టిన దిమ్మ పోవాలి. అంతేగా?"

"అంతేగా అని తేల్చేస్తే ఎలా? రోడ్డుకీ బస్సుకీ కలిపి ఒకటే డబ్బు బావా. బస్సు తిరగని దారికి రోడ్డూ వెయ్యరు. ఇక ఈ గుంటల్లోనే పడి లేస్తూ తెల్లారిపోతాయి మన బతుకులు."

"మావి ఎప్పుడో తెల్లారాయిలే."

"అదిగో. అలా అంటే నేనేం మాట్లాడను?"

"మాట్లాడకు. టీ తాగి వెళ్ళు. ఏమే, మీ తమ్ముడొచ్చాడు."

"విన్నానండీ. టీ మరుగుతోంది. ఏరా, బాగా నల్లబడ్డావు."

"తారు పని కదక్కా. ఎండలో ఎండ, సెగలో సెగ. అదేంటి, పెరట్లోంచి వస్తున్నావు? పొయ్యి వెనక్కి మార్చారా?"

"మార్చాం."

"ఎందుకు? వీధి వైపు అంత పెద్ద కిటికీ పెట్టించుకున్నావు. వంట చేస్తూ రోడ్డు మీదికి ఒక కన్నేసి ఉంచొచ్చని, ఇల్లు కట్టేటప్పుడు నువ్వే కదా పట్టుబట్టావు?"

"గాలి రావడం లేదు. ఇదిగో, ముందు మంచినీళ్ళు తాగు."

"ప్లాస్టిక్ గ్లాసా? అమ్మ ఇచ్చిన స్టీలు సామానంతా ఏం చేశావక్కా? తూకానికి వేసేశావా ఏంటి?"

"అటక మీదుంది."

"అటకకి దాహమేస్తుందా? దించుకుని వాడుకో."

"తోమలేకపోతున్నా. నువ్వు తా... ఆగు."

"ఏంటి?"

"ఏం లేదు. లారీ."

"లారీ అయితే?"

"రెండోది కూడా పడనీ. ఆఁ... తాగు."

"మీ అక్కకి ఇదో అలవాటైందిలేరా. బండి దిమ్మ దాటేదాకా నోట్లో మాట నోట్లోనే ఉంటుంది. ముందు చక్రాలు దిగాలి, వెనక చక్రాలు దిగాలి, అప్పుడుగానీ మిగతా మాట బయటికి రాదు."

"ఎందుకక్కా?"

"టీ పొంగుతుంది. వస్తానుండు."

"బండి నెమ్మదించిందో లేదో చూసుకుంటుందిరా, అంతే. నేనూ చూస్తాను. నాలుగేళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఇక్కడ దూకుడుగా పోలేదు. ఆ లారీవాడే మళ్ళీ వచ్చినా సరే, నా గడప ముందు తల వంచుకునే పోవాలి."

"పోవాలి. నేను కాదన్నానా? కానీ దాని ఎత్తు చూడు బావా. ఎక్కడైనా స్పీడు బ్రేకరు బెత్తెడుంటుంది. నువ్వు జానెడు కట్టావు. దాన్ని స్పీడు బ్రేకరనరు, ప్రహరీ గోడంటారు."

"నేను దర్జీని. మీ రోడ్ల కొలతలు నాకేం తెలుసు? సిమెంటు ఎంతుందో అంతా పోశాను. కంకర తెచ్చిందెవరు? నువ్వే కదా?"

"నేనే. ఆ రోజు నువ్వు కొండ కట్టమన్నా కట్టేవాణ్ణి."

"మరి ఇప్పుడు కొట్టడానికెందుకొచ్చావు?"

"కొట్టడానికి కాదు, అడగడానికొచ్చాను. వీధిలో వాళ్ళ బాధా చూడాలి కదా. కోడిగుడ్ల బండివాడు ఇక్కడ దిగి, ఒక్కో గుడ్ల అట్టనీ చంటిపిల్లాణ్ణెత్తుకున్నట్టు ఎత్తుకుని దిమ్మ దాటిస్తున్నాడట."

"దాటించనీ."

"మొన్న నిండు చూలాలు ఆటో దిగి, దిమ్మ దాటి, మళ్ళీ ఎక్కింది."

"ఎక్కనీ. దిగి నాలుగడుగులు వేస్తే ఏమైంది? అందరూ బతికే ఉన్నారుగా."

"నీతో ఎలా వేగడం? తెల్లారగానే సుద్ద పట్టుకెళ్ళి దాని మీద గీతలు గీస్తావట కదా? బట్టల మీద గీసే సుద్దతో?"

"కనపడాలి కదరా బళ్ళవాళ్ళకి."

"వాన పడితే పోతుంది."

"మళ్ళీ గీస్తా."

"అన్నం తినడం మర్చిపోతావు గానీ గీత మర్చిపోవు."

"ఇంకేం పనుంది నాకు?"

"బావా, ఇటు చూడు. నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు ఖాళీ బస్సు తెచ్చి నడిపి చూశారు. కొత్త బస్సు. ముసలివాళ్ళు సులువుగా ఎక్కాలని మెట్టు కిందికి పెట్టారు, దాంతో పొట్టా కిందికే. ముందు చక్రాలు అటు దిగాయి, వెనక చక్రాలు ఇటే ఉండిపోయాయి. రాయెక్కిన తాబేలులా మధ్యలో కూర్చుంది. అందరం కలిసి నెడితేగానీ కదల్లేదు. కింద గీరుకుపోయింది కూడా."

"ఎత్తు బస్సు పంపమను."

"సర్కారు బస్సు బావా, నువ్వు కుట్టే లాగూ కాదు, పొట్టిదైతే మడత విప్పి పొడుగు చెయ్యడానికి. ఎల్లుండి పెద్దాఫీసర్లు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళ కళ్ళముందు బస్సు ఇక్కడ ఇరుక్కుందా, ఈ దారి కొట్టేస్తారు. డబ్బు ఏటి అవతలివాళ్ళకి పోతుంది. వాళ్ళు ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్నారు."

"పోనీ."

"పోనీ అంటావా? బస్సు కావాలని పెట్టిన అర్జీ మీద మొదటి సంతకం ఎవరిది? అక్కది. ఎండనకా వాననకా ఇల్లిల్లూ తిరిగిందెవరు? అక్క. ఆఫీసులో గుమాస్తా అక్కని గేటు దగ్గర చూస్తే చాలు, కుర్చీ మీద తువ్వాలు వదిలేసి మాయమైపోయేవాడట."

"తెలుసు."

"తెలిసి కూడా?"

"తెలిసే మిషను ఆపడం లేదురా. ఆపితే నువ్వు చెప్పేది సబబనిపిస్తుంది."

"ఆపు మరి."

"ఈ అంచు కానీ."

"ఎవరిదా గౌను?"

"బడి యూనిఫారం. ఎదురింటి పిల్లది. ఏడో తరగతి."

"మన గువ్వ ఉంటే ఈపాటికి..."

"ఆఁ. ఏడే."

"మడత చాలా వదిలావే."

"పెరిగే పిల్లలు కదా. ఏడాది తిరిగేసరికి చాలదు. అయినా రోలరు పంపించేస్తే అయిపోయేది కదరా. సర్కారు రోడ్డు. నన్నడగడమెందుకు?"

"రోలరు డ్రైవరు తొక్కనన్నాడు. 'ఆ ఇంటాయన సరే అంటేనే తొక్కుతాను, లేకపోతే నా జీతం కోసుకోండి' అన్నాడు. ఇంజనీరు గారు నన్ను పిలిచి, 'మీ బావేనటగా' అన్నారు. అవునన్నాను. కాదని ఎలా అంటాను?"

"అనాల్సింది."

"అంటే అక్క నన్ను గుమ్మం తొక్కనిస్తుందా? చూడు బావా, చారలు వేస్తారు. ఎర్ర బోర్డు పెడతారు, పిల్లలు తిరిగే చోటని."

"బోర్డు చదివేవాడైతే పిల్లని చూసి కూడా ఆగేవాడు."

"అదీ నిజమే."

"నిజమే కదా. ఇక వెళ్ళు."

"వెళ్ళను. గువ్వ బడికి ఎందుకు నడిచింది బావా? అప్పుడు డబ్బుల్లేవని బస్సు ఆపేశారు గనక. బస్సే ఉండుంటే ఆ పూట అది రోడ్డు మీదికి... "

"ఆపు."

"ఆపాను."

"నాకు తెలీదనుకుంటున్నావా? మీ అక్క ఎందుకు తిరిగిందో నాకు తెలీదా? ఇంకొకరి పిల్ల నడవకూడదని. ఎదురింటి పిల్ల బస్సెక్కితే కళ్ళారా చూడాలని. నేనెప్పుడూ పైకి అనలేదు గానీ, నా పెళ్ళాం చేసినపాటి పని నేను చెయ్యలేదు. నేను సిమెంటు కలిపాను, అంతే."

"ఈ మాట అక్కతో అన్నావా?"

"అనాలా? తెలుస్తుందిలే."

"సరే బావా. ఇక ఆఖరి మాట. ఇది ముందే చెబితే నువ్వు ఇంకా బేరం పెడతావని దాచాను. ఇంజనీరు గారి కాళ్ళావేళ్ళా పడ్డాను, ఒప్పుకున్నారు. జానెడుది తీసేసి, అదే చోట బెత్తెడుది కడతాం. రెండు వైపులా వాలుగా. బస్సు పొట్టకి తగలదు."

"అదే చోటా?"

"అదే చోట."

"ఇంటి ముందే?"

"ఇంటి ముందే. నా చేత్తో నేనే కడతాను. బస్సు ఆగేది కూడా ఇక్కడే. స్టాపుకి పేరేం పెట్టారో తెలుసా? దర్జీ దిమ్మ."

"ఎవరు పెట్టారు?"

"ఎవరో పెట్టడమేంటి, జనం పిలిచేదే అది. నిన్న బస్సు నెడుతుంటే కండక్టరు అరిచి చూపించాడు కూడా. 'దర్జీ దిమ్మ, దర్జీ దిమ్మ! దిగేవాళ్ళు ముందుకి రండి!' అని."

"గొంతు బాగుందా?"

"నవ్వావు బావా. నవ్వావు నువ్వు."

"నవ్వలేదు. సూది గుచ్చుకుంది."

"మిషను కూడా ఆపేశావు."

"దారం తెగింది."

"సరే అంటావా మరి?"

"బెత్తెడంటే ఎంతరా?"

"ఇదిగో, నాలుగు వేళ్ళు."

"ఇంతేనా? దీనికి ఆగుతారా?"

"ఎందుకాగరు? చక్రం ఎక్కి దిగాలి కదా. తెలీకుండా ఎవడూ దాటలేడు."

"సుద్ద గీతలు గీసుకోవచ్చా?"

"అక్కర్లేదు బావా, పెయింటు వేస్తాం. నీకు గియ్యాలనిపిస్తే దాని పక్కన గీసుకో, ఎవరొద్దన్నారు?"

"అయితే... కట్టు. ఏమే, విన్నావా? మీ తమ్ముడు మంచి మాటే తెచ్చాడు."

"విన్నాను. టీ తీసుకోండి."

"చూశావా అక్కా, నీ బస్సు వచ్చినట్టే, బావ దిమ్మ ఉన్నట్టే. నా ఉద్యోగమూ ఉన్నట్టే. పొద్దున్నే రోలరువాణ్ణి తీసుకొస్తాను."

"తీసుకురా. పాతది తీసేయండి."

"తీసేసి, దాని మీద కొత్తది..."

"కొత్తది వద్దు."

"ఏంటే?"

"కొత్తది వద్దండీ. నున్నగా వెయ్యమనండి. మిగతా రోడ్డు ఎలా వేస్తారో ఇక్కడా అలాగే."

"బెత్తెడేనటే. బస్సుకేం అడ్డం కాదట. సరిగ్గా వినలేదు నువ్వు."

"విన్నాను. బస్సుకి అడ్డం కాదు."

"మరి? నువ్వు అడిగిన బస్సు కోసమే కదా నేనిప్పుడు సరే అన్నది?"

"బస్సు పొట్ట కిందికుంటుందని నాకు ముందే తెలుసు. చెల్లెలి ఊరు వెళ్ళినప్పుడు చూశాను. అక్కడ బస్సు రాకముందే ఇలాంటి ఎత్తు దిమ్మలన్నీ తీసేశారు. అది చూసి వచ్చాకే అర్జీ రాయించాను."

"అక్కా, ఏమంటున్నావు? దిమ్మ తీయించడానికా అర్జీ?"

"బస్సు కూడా వస్తుందిగా. పిల్లలు గడప ముందే ఎక్కుతారు. ఎవరూ నడవరు."

"నాతో ఒక్క ముక్క అనలేదు నువ్వు."

"మీరు కట్టిన రోజు చేతులు సిమెంటుకి పుళ్ళు పడిపోయాయి. నేనే కట్టు కట్టాను. ఏమని అనను?"

"అనాల్సింది. ఏం చేసిందే ఆ దిమ్మ నిన్ను?"

"ఏం చెయ్యలే... ఆగండి."

"కారేలే అక్కా. చెప్పు."

"..."

"చెప్పవే."

"రెండోది కూడా పడనివ్వండి. ఆఁ. ఏం చెయ్యలేదు. మిషను నడుస్తుంటే మీకు వినపడదు."

"ఓస్, చప్పుడా? ఇంతేనా అక్కా! జానెడు మీంచి పడితే దబదబమనక ఏం చేస్తుంది? అందుకే కదా బెత్తెడు కడతానంటున్నాను. అప్పుడింత మోత ఉండదు. ఇంట్లోకి ఏదో చిన్నగా, వినపడీ వినపడనట్టు..."

"ఆ రోజూ అంతేరా. మీ బావ గుండీలు కొనడానికి బజారుకెళ్ళారు. నేను వంటింట్లో ఉన్నా. పెద్ద మోతేం కాదు. చిన్నగా ఒకటి, ఆ వెంటనే ఇంకొకటి. గిన్నెలేవో జారాయనుకుని, కింద వంగి వెతుక్కున్నాను."